బతికున్న బిడ్డకు దినం

మా కొత్తవాడలో వెంకట్రాజం పేరెత్తితే ఆడవాళ్లు ఇప్పటికీ మూతి తిప్పుకుంటారు. బతికున్న కూతురికి దినం చేసిన కసాయి అంటారు. చేసిన మాట అబద్ధం కాదు. ఆ దినానికి టెంటు వేసింది నేనే, వంట గిన్నెలు ఇచ్చింది నేనే. మాది టెంట్ హౌజు. వాడలో పెళ్లయినా చావయినా నా కుర్చీల మీదే కూర్చోవాలి. కసాయి అన్న మాట మాత్రం అబద్ధం. ఆ దినం చేయకపోతే ఆ పిల్ల నిజంగానే చచ్చిపోయేది. ఈ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పనని నేను మాట ఇవ్వలేదు.

వెంకట్రాజం జంఖానాలు, అంటే నేల మీద పరిచే నూలు తివాచీలు నేసేవాడు. మాట తక్కువ మనిషి. పది మాటలు అడిగితే ఒకటి చెప్పేవాడు, అదీ మగ్గం వైపు చూస్తూ. కూతురు యమున పుట్టిన కొన్నాళ్లకే భార్య పోయింది. మళ్లీ పెళ్లి చేసుకోమని చుట్టాలు పోరు పెట్టారు కానీ వినలేదు. బిడ్డను మగ్గం పక్కనే పడుకోబెట్టుకుని పెంచాడు. వెడల్పు జంఖానా నేయాలంటే మగ్గానికి ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి, ఒకరి నూలు ఒకరికి అందించుకోవాలి. యమునకు చేతులు అందిన నాటి నుంచి ఆ రెండో మనిషి యమునే. డిగ్రీ చదువుతూ కూడా పొద్దున్నే ఓ జాము నేసి కాలేజీకి పోయేది. దాని నోట్లో నువ్వుగింజ నానదు. కాలేజీలో జరిగింది, సిన్మాలో చూసింది, కూరలో ఉప్పు ఎందుకు ఎక్కువైందో, అన్నీ చెబుతూనే ఉండేది. ఆయన ఊ కొడుతూ నేసేవాడు. నేను కిరాయి జంఖానాలకు పోయినప్పుడల్లా ఆ ఊ కొట్టడం వినిపించేది. నాకు ముచ్చటగా ఉండేది.

ఆ పిల్ల హసన్‌పర్తి అబ్బాయి రాకేష్‌ని ప్రేమించింది. సెల్ టవర్లు రిపేరు చేసే కుర్రాడు, నెమ్మదస్తుడు. కులం వేరు. తండ్రితో చెప్పింది. వెంకట్రాజం చాలాసేపు నేసి, చివరికి, మీ పెద్దబాపు ఒప్పుకోడు బిడ్డా అన్నాడట. నువ్వు ఒప్పుకున్నవా లేదా అని అడిగిందట. నాదేమున్నది అన్నాడట. ఆ పిల్లకు అంతే చాలు. ఇద్దరూ వెళ్లి పెళ్లి చేసుకున్నారు. పోలీసుల ముందు మేమిద్దరం మేజర్లం అని రాసిచ్చి, ఎక్కడికో వెళ్లిపోయారు. ఎక్కడికో తండ్రికి కూడా చెప్పలేదు. తెలియకపోవడమే మంచిదని ఆయనే చెప్పొద్దన్నాడు. అప్పుడప్పుడు ఫోను మాత్రం చేసేది.

పెద్దబాపు అంటే వెంకట్రాజం వాళ్ల అన్న సదానందం. ఊరి చుట్టూ ప్లాట్లు చేసి పైకొచ్చిన మనిషి. కులసంఘానికి అధ్యక్షుడు, మళ్లీ ఎన్నికల్లో నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, నోటి నిండా తమ్మీ తమ్మీ. నాకు ఆ మనిషి ఎప్పుడూ నచ్చలేదు. నా టెంటుకు కిరాయి ఇచ్చేటప్పుడు కూడా నలుగురు చూస్తుంటేనే ఇచ్చేవాడు. ఆయన కొడుకు భానుచందర్ అప్పుడు ఇరవైల్లో ఉన్నాడు. తండ్రి కనుసైగ చేస్తే గోడకు గుద్దుకునే రకం. యమున వెళ్లిన నాటి నుంచి దోస్తుల్ని జీపులో ఎక్కించుకుని హసన్‌పర్తి చుట్టూ తిరిగాడు. రాకేష్ వాళ్ల అన్నను పట్టుకుని చెయ్యి విరగ్గొట్టారు. కేసు పెట్టడానికి వాళ్లకు ధైర్యం చాలలేదు. దొరికితే ఏం చేస్తారో వాడలో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

అట్లాంటి సదానందం ఒకరోజు యాపిల్ పండ్ల సంచితో తమ్ముడి ఇంటికి వచ్చాడు. సంఘంలో నలుగురూ మంచి చెప్పారని, పిల్లలు తప్పు చేస్తే పెద్దలు కడుపులో పెట్టుకోవాలని, ఆదివారం నాడు ఇంటి ముందే రిసెప్షన్ చేద్దామని చెప్పాడు. వాళ్లను కాజీపేట స్టేషన్‌లో దిగమను, భానుచందర్ బండి తీసుకుపోతాడు అన్నాడు. వెంకట్రాజం సంతోషం పట్టలేక తన అన్న కాళ్లు పట్టుకున్నాడు. యమున ఫోను చేస్తే రమ్మని చెప్పాడు. ఆ పిల్ల ఫోన్లోనే ఏడ్చిందట.

మర్నాడు టెంటు కొలత చూడటానికి పోతే ఆయన మొహం చూసి నాకే ఆశ్చర్యమేసింది. గుమ్మానికి సున్నం వేస్తున్నాడు, నాతో తనంతట తనే మాట్లాడాడు. అల్లుడికి కూర ఏది ఇష్టమో అడగడం మరిచిపోయానన్నాడు. ఎర్ర గుడ్డ, పసుపు గుడ్డ కలిపి కట్టమన్నాడు, లైట్ల తోరణం కూడా కావాలన్నాడు. కిరాయి అన్న ఇస్తానన్నాడని చెప్పాడు.

శుక్రవారం పొద్దున సదానందం భార్య, వదిన మొగిలమ్మ దగ్గరికి పోయాడు. ఇంట్లో ఆడదిక్కు లేదు కాబట్టి పెళ్లయిన బిడ్డకు ఒడి నింపాల్సింది పెద్దమ్మే. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, రవికె గుడ్డ, ఇవన్నీ చూడాలి కదా. ఒడిబియ్యం ఎన్ని శేర్లు కలుపుతున్నవు వదినా, నేనేమన్న తేవాల్నా అని అడిగాడు. మొగిలమ్మ చేటలో బియ్యం ఏరుతూ, ఎవరి ఒడిబియ్యం అంది. యమునకు అన్నాడు. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆదివారం సంగతి ఆమెకు తెలియనే తెలియదు. తెలియదని అర్థం కాగానే ఆ ముసలామె తల దించుకుని మళ్లీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

అక్కడి నుంచి సరాసరి నా గోదాముకు వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"వదినె ఒడిబియ్యం ఊసే ఎరుగదు తమ్మీ. ఆడివిల్ల ఇంటికొస్తాంటే ఒడి నింపకుంట ఎవలన్న పిలుస్తరా? అన్నకు టెంటు యాదికొచ్చింది, లైట్లు యాదికొచ్చినయ్, బండి యాదికొచ్చింది. ఒడిబియ్యం యాదికి రాలే. నా బిడ్డ ఇంటిదాంక రాదని ఆయనకు ఎరుకే."

అంత తెలివిగల సదానందం, మగవాళ్లు చేసే ఏర్పాట్లన్నీ చేసి, ఆడవాళ్ల పని మరిచిపోయాడు. స్టేషన్ నుంచి బయల్దేరిన జీపు కొత్తవాడకు ఎప్పటికీ రాదు. పోలీసులకు చెబుదాం పద అన్నాను. వాళ్లు ఒకరోజు కాస్తరు, బతుకంతా కాస్తరా అన్నాడు. అయితే రావద్దని చెప్పు అన్నాను. ఈ ఆదివారం ఆగుతుంది, వచ్చే ఆదివారం వస్తుంది అన్నాడు. తల్లి లేని పిల్ల, తండ్రి తనను తలుచుకుంటున్నాడని తెలిస్తే ఆగదు. ఇవాళ కాకపోతే పండక్కి, పండక్కి కాకపోతే కాన్పుకు. వీళ్లు ఎదురుచూస్తూనే ఉంటారు. నా గోదాములో మడతపెట్టి ఉన్న రంగుల గుడ్డల వైపు చూశాడు. తర్వాత అన్న మాట ఇది:

"రంగుల గుడ్డ వద్దు తమ్మీ. తెల్లగుడ్డ కట్టు. రేపే కట్టు."

నాకు అర్థమయ్యేసరికి కోపం ముంచుకొచ్చింది. నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. బిడ్డ ఇల్లు దాటితే, కులం వాళ్లు పరువు పోయిందంటారు. ఆ పరువు కోసమే కత్తులు. బిడ్డకు దినం చేసేస్తే ఆ లెక్క తీరిపోయినట్టే. కులం దృష్టిలో ఆమె లేదు. లేనిదాన్ని మళ్లీ చంపితే సదానందానికి పరువు రాదు, జైలు వస్తుంది, ఎన్నిక పోతుంది. అంతా బాగానే ఉంది, బిడ్డకు ఈ కిటుకు చెప్పవా అని అడిగాను. చెప్పనన్నాడు. చెబితే మళ్లీ వస్తుంది. తండ్రి రాయి అయ్యాడని నమ్మితేనే దూరంగా ఉంటుంది. అప్పటికి నా కోపం దిగిపోయింది. దుఃఖం మాత్రం దిగలేదు.

శనివారం పొద్దున్నే చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. యమున కాలేజీ ఫోటో, దానికి దండ, కింద కన్నీటి శ్రద్ధాంజలి. ఆయన గుండు గీయించుకుని, మీసం తీయించుకుని, ఇల్లిల్లూ తిరిగి తానే చావు కబురు చెప్పాడు. కులపెద్దలందర్నీ పిలిచాడు. ఫ్లెక్సీని ఫోనులో ఫోటో తీసి, దీన్ని బిడ్డకు పంపు తమ్మీ, నాతోని గాదు అన్నాడు. నేను పంపనన్నాను. కాసేపు ఫోను వైపు చూసి, తనే పంపాడు. ఆ తర్వాత ఆ నంబరు నుంచి ఫోను రాలేదు.

సదానందం వచ్చేసరికి తెల్ల టెంటు కింద వాడంతా కూర్చుని ఉంది. ఏం పని ఇది, రేపు పిల్లలొస్తుంటే అని తమ్ముడి భుజం పట్టుకున్నాడు. మీరే గదనే సంఘంల అన్నరు, గా పిల్ల మనకు సచ్చినట్టేనని, అన్నాడు వెంకట్రాజం అందరికీ వినబడేటట్టు. యమున వెళ్లిన కొత్తలో సదానందం సంఘంలో ఆ మాట అన్నది నిజమే, పెద్దలంతా విన్నదే. సదానందం పని దొంగకు తేలు కుట్టినట్టయింది. కాదనలేడు, ఔననలేడు. భానుచందర్ గోడకు ఆనుకుని చిన్నాన్న మొహమే చూస్తున్నాడు. అదంతా నాటకమని ఒక్కరికి అనుమానమొచ్చినా యమున బతకదు. నేను తెల్లగుడ్డ తాళ్లు బిగిస్తున్నట్టు నటిస్తూ అక్కడే తిరిగాను.

ఇక పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి వాకిట్లో ఆరుబయట ఉంచితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో కోరిక మిగిలిందని అర్థం. ఆయన యమునకు ఇష్టమైనవే వండించాడు. పచ్చిపులుసు, సర్వపిండి, గుడ్ల కూర. బతికున్న బిడ్డ పేరు చెప్పి విస్తరి పెడుతుంటే ఆయన వేళ్లు చూడలేకపోయాను.

కాకులు వచ్చాయి. గోడ మీద వాలాయి. విస్తరి ముట్టలేదు. ఎండ నెత్తిమీదికొచ్చింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. బతికున్నోళ్లకు పెడితే ఎట్ల ముడుతది అని ఎవరో అన్నారు. సదానందం ఆ మాటను పట్టుకున్నాడు.

"పిట్టకు తెలుస్తది తమ్మీ. నీ మనసుల బిడ్డ ఇంక బతికే ఉన్నది. గందుకే ముడుతలేదు. ఇది దినం కాదు."

అందరూ వెంకట్రాజం వైపు చూశారు. భానుచందర్ గోడ దగ్గరి నుంచి నాలుగడుగులు ముందుకొచ్చాడు. మామూలుగా ఇట్లాంటప్పుడు ఇంటివాళ్లు పోయినవాళ్లకు మాట ఇస్తారు. నీ పిల్లల్ని చూసుకుంటాం, నీ బాకీ తీరుస్తాం, ఫికర్ చేయకు, ముట్టు అంటారు. అట్లా ఏదో ఒకటి ఇస్తామంటారు. ఈయన ఏమిస్తాడు? విస్తరి ముందు మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించాడు.

"బిడ్డా యమునా, నీ మొకం మళ్ల సూడ. నువ్వొచ్చి తలుపు కొట్టినా తియ్య. నీ కడుపున పుట్టినోళ్లను ఎత్తుకోను. నేను సచ్చినాడు నీ చేతి నీళ్లు నాకొద్దు. ఇంక నాకు నువ్వు లేవు. ముట్టు."

గొంతు ఎక్కడా తొణకలేదు. ఆయన లేచి వెనక్కి జరిగాడు. గోడ మీది కాకి ఒకటి దిగి, అటూ ఇటూ చూసి, సర్వపిండి ముక్క ఎత్తుకుపోయింది. వెనకే మిగతావి దిగాయి. జనం హమ్మయ్య అని లేచారు. పెద్దాయన ఒకరు, ఇంక గా పేరు ఎవలూ ఎత్తొద్దు అని తీర్పులాగా చెప్పాడు. సదానందం భోజనం చేయకుండా వెళ్లిపోయాడు. మర్నాడు కాజీపేట స్టేషన్‌కు జీపు పోలేదు, యమునా రాలేదు.

ఆకలేసింది, మనుషులు జరిగారు, కాకి దిగింది. నేనైతే అంతే అంటాను. వెంకట్రాజం అట్లా అనుకోలేదు. పదిమందిని మోసం చేయడానికి దినం పెట్టుకున్న మనిషి, ఆ ఒక్క మాటను మాత్రం నిజమని పట్టుకున్నాడు. మాట ఇచ్చాడు, పిట్ట ముట్టింది. ఇప్పుడు తప్పితే బిడ్డకే కీడు అని ఆయన నమ్మకం. ఎన్నోసార్లు వాదించాను. గోడతో మాట్లాడినట్టే ఉండేది.

తర్వాతి ఏళ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే బాధ. మగ్గం మీద పక్కన మనిషి లేడు కాబట్టి వెడల్పు జంఖానాలు మానేశాడు. ఒక్కడే నేయగలిగే చిన్న పట్టీలు నేసేవాడు. బతుకమ్మ ఆడేటప్పుడు ఆడవాళ్లు ఆయన వాకిలి వదిలేసి పై ఇంటి ముందు ఆడేవారు. బోరింగు దగ్గర ఆయన బిందె పెడితే పక్క బిందెలు జరిగేవి. పెళ్లి పిలుపులు ఆగిపోయాయి. సొంత బిడ్డకు దినం పెట్టిన చెయ్యి అక్షింతలకు పనికిరాదట. నేను సాయంత్రాలు పోయి కూర్చునేవాణ్ని. టీ ఇచ్చేవాడు. ఎప్పుడైనా చటుక్కున, గా పిల్ల ఉన్నదంటవా తమ్మీ అని అడిగేవాడు. ఉంటది అనేవాణ్ని. నాకేం తెలుసు? కరోనా వచ్చిన ఏడాది మాత్రం ఆ ప్రశ్న రోజూ అడిగాడు. పేపర్లో చావుల వార్తలు చదివించుకుని, ఆ పేరు లేదని తెలిశాక టీ తాగేవాడు.

సదానందం పక్షవాతంతో మంచాన పడి చనిపోయాడు. పోయిన ఏడు భానుచందర్‌కు ఆడపిల్ల పుట్టింది. వాడిలో మార్పు నేను కళ్లారా చూశాను. జీపు అమ్మేశాడు, దోస్తుల్ని వదిలాడు, పాపను భుజాన వేసుకుని అంగడికి తిరిగేవాడు. ఒకరోజు నా గోదాముకు వచ్చి, రాకేష్ వాళ్ల అన్న దగ్గరికి పోయి కాళ్లు పట్టుకున్నానని, యమున జాడ తెలిసిందని చెప్పాడు. కళ్లనిండా నీళ్లు. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. ఇద్దరం కలిసే వెంకట్రాజం ఇంటికి పోయాం.

ఆయన మగ్గం మీదే ఉన్నాడు. భానుచందర్ గుమ్మంలో కింద కూర్చున్నాడు.

"చిన్నబాపూ, యమునకు కొడుకు పుట్టిండు. నేను పోయి సూసొచ్చిన. నిన్ను సూడాలని ఉన్నదట. రమ్మని ఒక్క మాట అను, సాలు."

వెంకట్రాజం చేతులు ఆగాయి. వాడి మొహంలోకి చాలాసేపు చూశాడు. సదానందం యాపిల్ పండ్లతో వచ్చినప్పుడు కూడా ఇట్లాగే మెత్తగా మాట్లాడాడు.

యమున ఎవరు అని అడిగాడు వెంకట్రాజం.

అప్పుడు భానుచందర్ చొక్కా జేబులోంచి గొంతు వచ్చింది. వాడు ముందే ఫోను కలిపి జేబులో పెట్టుకున్నాడు. తండ్రి మెత్తబడితే బిడ్డ చెవులారా వినాలని వాడి ఆశ. నాకు కూడా చెప్పలేదు.

"బాపూ. నేనే బాపూ. ఇంటానవా?"

ఆయన ఒళ్లంతా ఒక్కసారి ఆ జేబు వైపు వంగింది. పెదాలు కదిలాయి. వెంటనే ఆయన చూపు ఆ జేబు నుంచి భానుచందర్ చేతుల మీదికి పోయింది. రాకేష్ వాళ్ల అన్న చెయ్యి విరగ్గొట్టిన చేతులవి. బిడ్డ గొంతు వాళ్ల జేబులో ఉంది. బిడ్డ ఉండే చోటు వాళ్లకు తెలుసు.

"గీ గొంతు ఎవలిదో నాకు ఎరుకలేదు. నా బిడ్డ సచ్చిపోయింది. దినం నా చేతులతోని నేనే జేసిన. పిట్ట గూడ ముట్టింది."

జేబులోంచి ఫోను తెగిపోయిన టక్కుమనే చప్పుడు. భానుచందర్ ఫోను తీసి మళ్లీ మళ్లీ నొక్కాడు. ఆమె ఎత్తలేదు. వాడు చిన్నాన్న మోకాళ్లు పట్టుకుని చిన్నపిల్లాడిలాగా ఏడ్చి, చేసేదేమీ లేక లేచి వెళ్లిపోయాడు.

నేను ఉండబట్టలేక అరిచాను. నీకు పిచ్చి పట్టింది రాజమన్నా, వాడు నిజంగా మారాడు, కూతురు నోరు తెరిచి పిలిస్తే రాయిలాగా కూర్చున్నావు, ఇక జన్మలో పిలవదు అన్నాను. అన్న తర్వాత, అనకపోతే బాగుండేదని అనిపించింది.

"మారిండు కావచ్చు తమ్మీ. మారకుంటే? ఒక్కపారి తప్పితే మళ్ల దిద్దుకునేటిది గాదు గదా."

వాడు మారాడో లేదో తేల్చుకోవాలంటే బిడ్డను ముందు పెట్టి చూడాలి. ఆ పని ఆయన ఈ జన్మలో చేయడు. కాబట్టి ఈ దినం ఎన్నటికీ ముగియదు.

వీధిలో కూరగాయల బండి అరుచుకుంటూ పోయింది. నేను లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"గొంతు జర బొంగురు పోయినట్టున్నది గదా? పచ్చి బాలింత. చల్లగాలి తాకినట్టుంది. చెవులకు గుడ్డ కట్టుకోవాలె. కట్టుకొమ్మని చెప్పేటోళ్లు ఉన్నరో లేరో."

ఉంటారులే, అత్తగారు ఉంటుంది కదా అన్నాను. తలూపాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"ఇన్నొద్దులు ఉన్నదో లేదో ఎరుకలేకుండె తమ్మీ. ఉన్నది. బతికే ఉన్నది నా బిడ్డ."